జొన్నరొట్టెలో గ్రీన్ కాఫీ: జహీరాబాద్‌లో నా కోపపు రోజు

జహీరాబాద్ వైపు ఒక రోజు వెళ్లి తిరిగి రావాలని ఎంతో కాలంగా అనుకుంటున్నాను. ఎర్రనేలలు, అల్లం తోటలు, కట్టెల పొయ్యి మీద కాలే జొన్నరొట్టె, కొర్రలూ సామలూ ఇంకా పండించే ఊళ్లు, ఇవన్నీ చూసి రాస్తే మీరు కూడా ఒక ఆదివారం బస్సెక్కుతారని నా ఆశ. చివరికి వెళ్లింది ఆదివారం కాదు, సోమవారం. వెళ్లింది రొట్టె కోసం కాదు, ఒక ఫోన్ వల్ల. తిరిగొచ్చింది మాత్రం పట్టరాని కోపంతో. అందుకని ఇందులో దారి వివరాలు ఉంటాయి, తిండి సంగతి ఉంటుంది, వాటి మధ్యలో తిట్లు కూడా ఉంటాయి. ప్రశాంతంగా చదువుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మా చిన్నమ్మ బాలమ్మ ఝరాసంగం దగ్గర ఒక ఊళ్లో కూతురు స్వరూపతో కలిసి ఉంటుంది. అరవై దాటిన మనిషి. రెండెకరాల చేను, అందులో జొన్న, కంది, కొంత పత్తి, గట్ల వెంబడి కుసుమ. ఆమెకు బీపీ ఉంది, ఏళ్ల తరబడి గోలీలు వేసుకుంటోంది. దానికంటే పెద్ద బాధ మోకాళ్లు. కలుపు తీయడానికి చేలో కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. కూలివాళ్లు తీస్తుంటే గట్టు మీద నిలబడి చూడటం ఆమెకు తలకొట్టేసినట్టు ఉంటుంది. మోకాలి ఆపరేషన్ చేయొచ్చని, ముందు కొంచెం బరువు తగ్గమని పట్నంలో ఎముకల డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని చిన్నమ్మ బరువు తగ్గే ఉపాయాల కోసం వెతకడం మొదలుపెట్టింది. జహీరాబాద్‌లో ఒక దుకాణంలో ఎవరో మేడం గ్రీన్ కాఫీ ఇస్తోందని, అది తాగితే కొవ్వు కరిగిపోతుందని పోయిన నెల నాకు ఫోన్లో మురిసిపోతూ చెప్పింది. రోజుకో కప్పు కాఫీ లాంటిదే కదా అని నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆదివారం సాయంత్రం స్వరూప ఫోన్ చేసింది. "అక్కా, అమ్మకు రాత్రంత నిద్ర వడ్తలేదు. గుండె దడదడ అంటుందంటది. మొన్న చేన్ల కండ్లు తిరిగి గట్టు మీద కూలవడ్డది. దవాఖానకు పోదామంటే, బరువు తగ్గుతున్న గదా నాకేం ఫికర్ అంటది. నువ్వొక్కసారి రా, నీ మాటైతే ఇంటది." చిన్నమ్మ నా మాట ఎప్పుడు విన్నదో నాకు గుర్తు లేదు గానీ, స్వరూప గొంతులో వణుకు వినిపించింది. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాను.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు దారి చాలా సులువు. నేను పటాన్‌చెరులో ఏడింటికి ముందే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, మగవాళ్లకు నూటయాభై లోపే అవుతుంది. సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట దాటి ముంబై హైవే మీద నేరుగా సాగిపోవడమే. పొద్దుటి పూట అయితే రెండు గంటల్లో దించేస్తాడు. సదాశివపేట దాటాక నేల రంగు మారుతుంది. వానలు వెనకబట్టి చాలా రోజులైంది కాబట్టి ఇప్పుడు కంది పూత మీద ఉంది, పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఫోటోలు తీద్దామని ఫోన్ బయటికి తీసి, స్వరూప గొంతు గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టేశాను.

జహీరాబాద్ బస్టాండు బయట చాయ్ బాగుంటుంది. ఒక కప్పుతో తృప్తి పడనివాళ్లు రెండు తాగొచ్చు, ఎలాగూ షేర్ ఆటో నిండేదాకా ఆగాల్సిందే. ఝరాసంగం వైపు మనిషికి నలభై తీసుకున్నాడు. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక మేం ఆరుగురం, కాళ్ల దగ్గర ఎవరిదో ఉల్లిగడ్డ బస్తా. డ్రైవరు పేరు గౌస్. ఎవరింటికి అని అడిగితే చిన్నమ్మ పేరు చెప్పాను. మోకాళ్ల నొప్పుల బాలమ్మ పెద్దమ్మ కదా, ఈ మధ్య బాగా తగ్గిపోయిందని అన్నాడు. మెచ్చుకుంటున్నాడో బాధపడుతున్నాడో అతని గొంతులో తెలియలేదు. నాకు పనికొస్తుందని అతని ఫోన్ నంబరు తీసుకున్నాను. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

చిన్నమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. మనిషి తగ్గిన మాట నిజం. చెంపలు లోపలికి పోయాయి, కళ్ల కింద నల్లటి చారలు. కానీ హుషారు చూస్తే ఇరవై ఏళ్ల పిల్లలా ఉంది. కుదురుగా కూర్చోదు, నిలబడదు, చేతిలో ఏదో ఒకటి తిప్పుతూనే ఉంటుంది. చెంబు అందిస్తుంటే వేళ్లు సన్నగా వణికాయి. బరువు తగ్గానని చెప్పడానికి చీర కుచ్చిళ్లు ఎంత లోపలికి దోపుకోవాల్సి వస్తోందో చూపించింది. నిద్ర సంగతి అడిగితే, నిద్ర ఎందుకు బిడ్డా, రాత్రి పూట పని అవుతోంది, రెండు బస్తాల పత్తిలో చెత్త ఏరేశానని గొప్పగా చెప్పుకుంది.

ఆకలి మీద ఉన్నాను. స్వరూప రొట్టె చేస్తానంటే, చిన్నమ్మ తన డబ్బాలో పిండితోనే చేయమంది. ఆ డబ్బా ఆమెకు ప్రత్యేకం, ఇంట్లో ఇంకెవరూ ముట్టరు, డైటు పిండి అట. స్వరూప మొహం చిట్లించింది గానీ నేనే ఎగబడ్డాను. బ్లాగు రాసేవాళ్ల బుద్ధి అంతే, ప్రత్యేకం అంటే చాలు నోరు ఊరుతుంది. ముందు ఆ పిండితోనే కాచిన పెద్ద గ్లాసుడు అంబలి, అందులో మజ్జిగ, తరిగిన ఉల్లిగడ్డ. తర్వాత ఎల్లిగడ్డ కారం, చిక్కుడుకాయ కూరతో రెండు రొట్టెలు. రొట్టె కొంచెం చేదుగా ఉంది, పచ్చిగడ్డి వాసన లాంటిది వేస్తోంది. మెంతులు కలిపారేమో అనుకుని మూడోది కూడా లాగించాను. చిన్నమ్మ రోజూ రెండు గ్లాసుల అంబలి తాగి, పూటకు రెండు రొట్టెలు తింటుందట. కడుపులో బరువుగా ఉంటుంది, ఆకలి వేయదు అని చెప్పింది.

తిన్నాక ఆ గ్రీన్ కాఫీ ఏదీ, ఎలా తాగుతున్నావు అని అడిగాను. చిన్నమ్మ నన్ను విచిత్రంగా చూసింది. ఇప్పుడు నువ్వు తిన్నది ఏమిటనుకున్నావు అంది.

"పొడి పాకెట్ల అమ్ముతరు బిడ్డా. పొడిల ఏం కలుపుతరో ఎవలకెర్క? గింజైతే కండ్లకు కనవడ్తది, కల్తీ ఉండదు. గందుకే మేడం తాన పచ్చ గింజలే కిలోలెక్క కొన్న. రోట్ల కచ్చాపచ్చా దంచి, జొన్నల్ల కలిపి, గిర్నికి వట్టిచ్చిన."

ఐదు పాళ్లలో ఒక పాలు గ్రీన్ కాఫీ గింజలు. నలభై ఏళ్లుగా జొన్నను, సజ్జను, కొర్రను ఎలా చూసుకుంటోందో దాన్నీ అలాగే చూసుకుంది. చెరిగింది, ఎండబెట్టింది, దంచింది, గిర్నీకి తీసుకెళ్లి పిండి పట్టించింది. గిర్నీ అతను చక్రం గట్టిగా అరుస్తోందని గొణిగితే, ఇది కొత్త రకం గింజ అని సర్దిచెప్పిందట. మంచి జాగ్రత్తపరురాలు మా చిన్నమ్మ. కల్తీ అవుతుందేమోనని పొడి కొనలేదు, పొట్టు పోతుందేమోనని జల్లెడ పట్టలేదు. ఒక చెంచా వేసుకోవాల్సిన దాన్ని కంచం నిండా తింటోంది.

బీపీ గోలీల సంగతి అడిగాను. గూట్లోంచి కవరు తెచ్చి చూపించింది. విప్పని షీట్లు అలాగే ఉన్నాయి. నెలన్నర నుంచి ఒక్కటి కూడా వేసుకోలేదు. గోలీలు కెమికల్ అట, ఇది చెట్టుకు కాసిన గింజ అట, రెండూ కలిస్తే దీని గుణం పోతుందట, బరువు తగ్గితే బీపీ దానంతటదే దిగిపోతుందట. ఇన్ని 'అట'లూ ఆ దుకాణం మేడం చెప్పినవే. నాకు ఆ క్షణంలో ఎవరిని తిట్టాలో తోచక, పక్కనున్న స్వరూప మీద అరిచాను. పాపం ఆ పిల్ల, ఇన్ని రోజులుగా చెప్పి చెప్పి అలిసిపోయిందట. ఆమె ఏడ్చేసింది.

గౌస్‌కు ఫోన్ చేశాను. స్పెషల్ ఆటో కావాలన్నాను, నాలుగు వందలు అన్నాడు, దవాఖానకు అని చెప్పగానే మూడు వందలకే వస్తానన్నాడు. చిన్నమ్మను ఆటో ఎక్కించడం అంత సులువుగా జరగలేదు. సాయంత్రం పత్తి ఏరేవాళ్లకు చాయ్ పంపాలంది, మేక పిల్లకు జ్వరమంది. మోకాలి ఆపరేషన్ గురించి డాక్టరును అడుగుదాం రమ్మంటే అప్పుడు కదిలింది. స్వరూప చేత ఆ పిండిడబ్బా, మిగిలిన గింజలు, విప్పని గోలీలు అన్నీ ఒక సంచిలో వేయించాను.

ఆటో సగం దూరం వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్టు ఉంది. గుంతల వల్ల అనుకున్నాను, భయం వల్ల అనుకున్నాను. నేను పొద్దున రెండు చాయ్‌లు తాగితేనే మధ్యాహ్నం నిద్ర పట్టని మనిషిని. ఒక గ్లాసు అంబలి, మూడు రొట్టెలు తిన్నందుకు నా గతి ఇది. మరి అరవై దాటిన మనిషి, బీపీ ఉన్న మనిషి, గోలీ మానేసిన మనిషి, ఇదే తిండి రెండు పూటలా నెలన్నర తింటే ఆ లోపల ఏం జరుగుతోంది? ఆటోలో పక్కనే కూర్చుని పొలాలు చూపిస్తూ ఎవరి కంది ఎలా పూసిందో చెబుతున్న చిన్నమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె నాడి నా వేళ్ల కింద పరుగెత్తుతోంది. గౌస్ అద్దంలో చూసి, వాళ్లమ్మ కూడా ఆ దుకాణం పొడి తాగిందని చెప్పాడు. "నిద్ర లేక మా అమ్మీ రాత్రంత గిన్నెలు తోముతుండె మేడం. తోమిందే తోముడు. నేనే పాకెట్ దాచిపెట్టిన." ఇంకోరోజు అయితే నేను నవ్వేదాన్ని.

దవాఖానలో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. బీపీ చూసి, మిషన్ తప్పేమోనని ఇంకో చేతికి కట్టి మళ్లీ చూసింది. పైది రెండు వందలకు దగ్గరగా ఉంది. చిన్నమ్మను మంచం మీద పడుకోబెట్టి, ఈసీజీ తీయించి, గోలీ ఇచ్చింది. ఒక్కసారిగా దించకూడదట, మెల్లగా దిగాలట, సాయంత్రం దాకా కదలొద్దంది. గుండె వేగంగా కొట్టుకుంటోంది గానీ ఇప్పటికి దెబ్బ తినలేదని చెప్పాక నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు సంచి విప్పి డబ్బా ముందు పెట్టాను. డాక్టరమ్మ పిండి చిటికెడు తీసి వాసన చూసింది. గింజలు చూసింది. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగింది. "కాఫీ తాగేటోళ్లు డికాక్షన్ తాగి పిప్పి పారేస్తరమ్మా. మీరు పిప్పితో సహా రొట్టె చేస్కొని తిన్నరు."

చిన్నమ్మ ఉలిక్కిపడింది. ఇది కాఫీనా అని అడిగింది. ఆమెకు కాఫీ అంటే నల్లటి పొడి. ఇది బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ గింజ. కాఫీ అనే పేరు విన్నా, పేరు మటుకే అనుకుందట.

అన్యాయంగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు, కాబట్టి డాక్టరమ్మ చెప్పిన మంచి కూడా రాస్తున్నాను. గ్రీన్ కాఫీ అంటే వేయించని కాఫీ గింజ, అంతకు మించి ఏమీ లేదు. వేయిస్తే తగ్గిపోయే క్లోరోజెనిక్ ఆమ్లం అనే పదార్థం ఇందులో ఎక్కువగా మిగిలి ఉంటుంది. దానివల్ల బరువు, చక్కెర, బీపీ కాస్త తగ్గుతాయేమోనని కొందరు పరిశీలించారు. కొద్దిమంది మీద, కొద్దికాలం చేసిన పరిశీలనలు కావడంతో గట్టిగా చెప్పడానికి చాలవు. తగ్గినా ఆ తగ్గేది కొంచెమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకో కప్పు తాగితే పెద్ద ప్రమాదం ఉండదు. అయితే వేయించకపోయినంత మాత్రాన కెఫీన్ ఎక్కడికీ పోదు. ఎక్కువైతే నిద్ర పోతుంది, గుండె దడ వస్తుంది, కడుపులో మంట, చేతుల వణుకు వస్తాయి, బీపీ పెరుగుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, నిద్రపట్టనివాళ్లు, రోజూ మందులు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ఇంత మాట చెప్పడానికి ఆమెకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ దుకాణంలో నెలన్నర పాటు వారం వారం కలిసిన మనిషి ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

నా కోపం అసలు అంటుకున్నది ఆ తర్వాత. మోకాలి ఆపరేషన్ గురించి అడుగుతానని మాటిచ్చాను కదా, అడిగాను. డాక్టరమ్మ పట్నం డాక్టరు రాసిన కాగితం చూసింది. బరువు తగ్గితే మంచిదేనంది, కానీ బీపీ ఈ స్థాయిలో ఉంటే మత్తు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరని చెప్పింది. ముందు బీపీ అదుపులోకి రావాలి, కొన్ని నెలలు నిలకడగా ఉండాలి, అప్పుడు ఆపరేషన్ మాట. అంటే ఏ చేలో కూర్చుని కలుపు తీయాలని మా చిన్నమ్మ ఈ చేదు మింగిందో, ఆ చేను ఈ పిండి వల్లే ఇంకొన్ని నెలలు దూరం జరిగింది. చిన్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె ఏడవలేదు. నేను మాత్రం వరండాలోకి వెళ్లి ఏడ్చాను. ఏడుపు అయ్యాక ఒళ్లు మండిపోయింది.

సాయంత్రానికి బీపీ కొంత దిగింది. గోలీలు మళ్లీ మొదలుపెట్టమని, వారం తర్వాత రమ్మని, దడగానీ తలనొప్పిగానీ వస్తే వెంటనే రమ్మని చెప్పి పంపించారు. వాళ్లిద్దరినీ ఇంటికి తీసుకెళ్లడానికి గౌస్ వచ్చాడు, నా బస్సుకు ఇంకా టైం ఉంది. ఆ దుకాణం ఎక్కడని అడిగాను. దవాఖాన నుంచి రెండు వీధుల అవతలే. స్వరూప వద్దక్కా గొడవ అంది. చిన్నమ్మను ఆటోలో కూర్చోబెట్టి నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. చిన్నమ్మ ఒప్పుకోలేదు, తానూ వస్తానంది. ఆమె నడకకు ఆ మెట్లు పెద్ద కొండ, అయినా గోడ పట్టుకుని ఎక్కింది.

పై అంతస్తులో ఒక గది, గోడల నిండా సన్నగా మారినవాళ్ల ఫోటోలు, మధ్యలో బరువు చూసే మిషన్, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. సాయంత్రం బ్యాచ్ అట, ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె మిషన్ ఎక్కి దిగితే మిగతావాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ఆ మేడం నేను ఊహించుకున్నట్టు లేదు. ముప్పై ఐదేళ్లుంటాయి, నవ్వు మొహం, చిన్నమ్మను చూడగానే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది, అమ్మా ఈ వారం రాలేదేమి అని ఆప్యాయంగా అడిగింది. పక్కన బల్ల మీద ఆమె గ్లాసులోనూ అదే ఆకుపచ్చ నీళ్లు. తాను నమ్మిందే అమ్ముతోంది. అది చూసి నా కోపం తగ్గాలి కదా, తగ్గలేదు. నమ్మి అమ్మినా, నమ్మక అమ్మినా గోలీ మానేసింది మా చిన్నమ్మే.

దవాఖానలో జరిగినదంతా చెప్పాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. నువ్వు డాక్టరువా, నర్సువా, ఏ చదువు చదివి బీపీ గోలీలు ఆపమన్నావు అని నిలదీశాను. తాను ఆపమనలేదని, అవసరం ఉండదని మాత్రమే అన్నానని చెప్పింది. ఆ రెండింటికీ తేడా ఏమిటో చెప్పమన్నాను. తర్వాత పిండి డబ్బా చూపించాను. అప్పుడు ఆమె మొహం నిజంగానే పాలిపోయింది. చిన్నమ్మ వైపు తిరిగి, "నేనేమన్న జొన్నల్ల కలుపుమన్ననా అమ్మా? ఒక్క చెంచా ఏడినీళ్లల్ల ఏసుకోమని చెప్పిన గదా" అంది.

చిన్నమ్మ అప్పటిదాకా కుర్చీలో ఆయాసం తీర్చుకుంటూ కూర్చుని ఉంది. గొంతు పెంచలేదు. ఇంట్లో కోడిపిల్లలను అదిలించినంత కూడా కోపం చూపించలేదు.

"చెప్పినవ్ బిడ్డా. మందు కాదు, గింజనే, ఎంత తీసుకున్న ఏం గాదని గూడ చెప్పినవ్. మందని చెప్పుంటే నేను చెంచా లెక్క వట్టుకుంటుంటి. గింజను మేం చెంచతోటి తింటమా? గిర్నికి వట్టిచ్చి కడుపునిండ తింటం."

నేను పది నిమిషాలుగా అరిచిన అరుపులకు కదలనివాళ్లు ఆ మాటకు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు మూల కుర్చీలో ఉన్న ఒకామె లేచింది. నా వయసే ఉంటుంది, బురఖా వేసుకుని ఉంది, చేతిలో ఇంకా తాగని గ్లాసు. మేడంను అడగలేదు, నన్నూ అడగలేదు. చిన్నమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "పెద్దమ్మా, నేను షుగర్ గోలీ బంద్ జేసిన. మల్ల ఏసుకోవాల్నా?"

చిన్నమ్మ మేడం వైపు చూసింది. మేడం తల దించుకుంది. చిన్నమ్మ కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచింది. "నాకెర్కలే బిడ్డా. నడు, డాక్టరమ్మ ఇంక ఆడనే ఉన్నది, అడుగుదాం" అంది. ఆ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది. ఆ బురఖా ఆమె భుజం పట్టుకుని, ఎక్కిన మెట్లే ఒక్కొక్కటిగా దిగడం మొదలుపెట్టింది. ఆమె పేరు రెహానా అని కింద వీధిలోకి వచ్చాక తెలిసింది. ఆటో ఎక్కమని గౌస్ అంటే, దగ్గరేలే అని చిన్నమ్మ నడిచే వచ్చింది. నొప్పికి ప్రతి అడుగుకూ పళ్లు బిగపడుతోంది. దవాఖానలో వేలు గుచ్చి చూస్తే రెహానా చక్కెర మామూలు కంటే రెండింతలకు పైన ఉంది. డాక్టరమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేయమంది. ఆమె భర్త వచ్చేదాకా చిన్నమ్మ పక్కనే కూర్చుంది. నా బస్సు వెళ్లిపోయింది. హైవే మీద చీకటి పడ్డాక వచ్చిన ఇంకో బస్సులో నిలబడి ఇంటికి చేరాను.

ఇది రాస్తున్నప్పుడు కూడా నా కోపం చల్లారలేదు. దుకాణం మేడం ఒక్కత్తి మీదే అయితే ఈపాటికి చల్లారేదేమో. ప్రకృతి సహజం అనే మాట రాసి ఏదైనా అమ్మొచ్చని అనుకునే ప్రతి పాకెట్ మీద నాకు కోపం. జొన్నను, సజ్జను, కందిని తన చేత్తో పండించి, వాటికి హాని చేసే గుణం ఉండదని జీవితమంతా చూసిన మనిషికి, ఇది కూడా అలాంటి గింజే అని చెప్పడం ఎంత పెద్ద మోసమో ఆ అమ్మేవాళ్లకు తెలియదు. ఆమె నమ్మింది వాళ్ల మాటను కాదు, గింజను. అందుకే అంత గట్టిగా నమ్మింది. చిన్నమ్మ ఇప్పుడు గోలీ వేసుకుంటోంది, నిద్ర పడుతోందట. మోకాళ్లు అలాగే ఉన్నాయి. వచ్చే కలుపుకు కూడా గట్టు మీద నిలబడే చూడాలి. ఇది బంద్ చేస్తే నా మోకాళ్లు ఎట్లా బిడ్డా అని ఆమె దవాఖానలో నన్ను అడిగింది. ఓపిక పట్టమని చెప్పడం తప్ప నా దగ్గర ఏమీ లేదు. ఆ మేడం దగ్గర మాత్రం వెళ్లినప్పుడల్లా ఒక కుర్చీ, ఒక పలకరింపు, కిలో తగ్గితే చప్పట్లు ఉన్నాయి. మనకు లేనిది అక్కడ దొరుకుతున్నంత కాలం ఆ మెట్లు ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా కోపంతో పాటు సిగ్గు కూడా వేస్తోంది.

మీరు జహీరాబాద్ వెళ్తే తెల్లవారుజామున బయలుదేరండి, బస్టాండు చాయ్ తాగండి, అల్లం, జొన్నలు కొనుక్కోండి, పల్లెల్లో ఎవరైనా రొట్టె పెడితే మొహమాటం లేకుండా తినండి. ఒక్క సలహా. మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో పెద్దవాళ్లు కొత్తగా ఏదైనా గింజో, పొడో, ఆకో మొదలుపెట్టారని తెలిస్తే, ఏం తింటున్నావని ఫోన్లో అడిగి ఊరుకోకండి. వెళ్లి వంటింట్లో వాళ్ల పక్కన కూర్చుని, ఎలా వండుతున్నారో, ఎంత వేస్తున్నారో కళ్లారా చూడండి.